ఆఖరి రీలు పగ

నేను ఒక సినిమా రీలును. అలాంటిలాంటి రీలును కాను, ఆఖరి రీలును. నా ముందు రీళ్లన్నీ తన్నులు తింటాయి, కన్నీళ్లు పెట్టుకుంటాయి, మధ్యలో పాటలు పాడుకుంటాయి. తిన్న తన్నులన్నిటికీ బదులు తీర్చేది నేనొక్కదాన్నే. అందుకే నాకు పుట్టినప్పటినుంచీ కాస్త పొగరు. ఆ పొగరు చూసి ఓర్వలేక నా ఒంట్లోంచి ఒక ముక్క కోయించి, కాల్చి, బూడిద చేసిన మనిషి ఒకడున్నాడు. పేరు నాగభూషణం. ప్రస్తుతం నేను అతని ఇంట్లోనే, అతని మంచానికి ఎదురుగా ఉన్న గూట్లో, తుప్పు పట్టిన రేకు డబ్బాలో పడి ఉన్నాను. రోజూ అతని దగ్గు వింటాను. వింటుంటే నాకు హాయిగా ఉంటుంది. నన్ను దయాదాక్షిణ్యం లేనిదని అనుకుంటే అనుకోండి, కాని కథంతా విన్నాకే ఆ మాట అనండి.

నేను పుట్టింది మద్రాసులోని ఒక ల్యాబులో. చీకటి గదిలో మందునీళ్ల స్నానం చేయించి, దండెం మీద ఆరేసి, చుట్ట చుట్టారు. బొమ్మ మనది కాదు, ఎక్కడో తూర్పు దేశంలో తీసింది. మాట మాత్రం మనది. నలుగురు మనుషులు ఇరుకు గదిలో కూర్చుని, తెర మీద పెదవులు ఆడినంతసేపూ తెలుగు కూరారు. మాట అయిపోయినా పెదవులు ఇంకా కదులుతుంటే, "ఆఁ, మరేమనుకున్నావు" అని ఒక ముక్క అదనంగా పడేశారు. అక్కడి హీరోయిన్ లింగ్, మన దగ్గరికొచ్చేసరికి లింగమ్మ అయింది. సినిమాకు 'గరిటె గ్యాంగ్' అని పేరు పెట్టి మమ్మల్ని ఊళ్ల మీదికి వదిలారు.

కథ చెబితే మీరు నవ్వుతారు. నవ్వటానికే తీశారు. రేవు పక్కన ఒక పూటకూళ్ల దుకాణం. అందులో గిన్నెలు తోమే లింగమ్మ, పిండి పిసికే లావాటి మనిషి, గరిటె తిప్పే ముసలాయన ఉంటారు. ఎదురుగా ఒక పెద్ద క్లబ్బు, దానికొక ఆసామి. వీళ్లు దగ్గరికొస్తే చాలు, అతను అత్తరు చల్లిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఛీ, అంట్ల కంపు" అంటాడు. ఆ మాట కడుపులో పెట్టుకుని వీళ్లు అతని బాస్కెట్‌బాల్ జట్టు మీదికి పందేనికి దిగుతారు. వీళ్లకు ఆట తెలియదు. కుంగ్‌ఫూ అయితే ముసలాయన ఒక్కడికి తెలుసు, ఆయనా సగం మరిచిపోయాడు. బంతి కొనలేక క్యాబేజీలు విసురుకుంటారు, పడతారు, లేస్తారు, ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు. గిన్నె తోమేటప్పుడు లింగమ్మ చెయ్యి తిరిగే తిరుగుడే అసలు విద్య అని ముసలాయన కనిపెట్టేసరికి నా వంతు వస్తుంది.

నాలో ఏముందంటే, ఆట చివర ముగ్గురు పొడుగాటి వాళ్లు అడ్డం నిలబడితే లింగమ్మ కాళ్లు ముడిచి, చేతులు చాచి వాళ్ల తలల మీదుగా ఎగురుతుంది. ఎగిరి బంతి విసురుతుంది. ఆ బంతి నేరుగా పోయి, గీత పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న ఆసామి నుదుటికి తగిలి, అక్కడినుంచి లేచి గంపలో పడుతుంది. ఆసామి కుర్చీతో సహా వెల్లకిలా పడతాడు. ఆపైన ఇంకాస్త బొమ్మ నడిచి, కప్పు వస్తుంది.

సముద్రం పక్కన కొత్తరేవు అనే ఊళ్లో భ్రమరాంబ టాకీసుకు మేం వచ్చాం. ప్రింటు ఒక్కటే, ఆడాల్సిన హాళ్లు రెండు. అక్కడొక ఆట మొదలైతే, అయిపోయిన రీళ్లను డబ్బాల్లో పెట్టి మోపెడ్ మీద పక్క ఊరికి తోలేవారు, మళ్లీ తెచ్చేవారు. నేను ఆఖరి దాన్ని కాబట్టి ఒక్కోసారి ఆలస్యమయ్యేదాన్ని. జనం బెంచీలు బాదుతూ, ఈలలు వేస్తూ నా కోసం ఎదురుచూసేవారు. పెళ్లికొడుకు కోసం కూడా అంతలా ఎవరూ ఎదురుచూడరు. డబ్బా మూత తెరిచిన చప్పుడుకే నేల క్లాసులో కేరింతలు లేచేవి. ఆ మర్యాద నేను జన్మలో మరిచిపోను.

ఆ టాకీసు నాగభూషణానిది. ఊళ్లో రొయ్యల షెడ్డూ అతనిదే. టాకీసు వెనక ఖాళీ స్థలంలో ఏటా శివరాత్రి వెళ్లాక జరిగే కబడ్డీ పోటీలూ అతనివే. ఎక్కడికెళ్లినా అతని వెంట చేతుల కుర్చీ ఒకటి మోసుకొచ్చేవారు. కోర్టు గీత పక్కన ఆ కుర్చీ వేసి, కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. తనకు తిండి పెడుతున్న రొయ్యల వాసనంటే అతనికి మహా చిరాకు. షెడ్డులోకి వచ్చినప్పుడల్లా అత్తరు రుమాలు ముక్కు దగ్గరే ఉండేది. మా సినిమా తీసినవాళ్లకు కొత్తరేవు అనే ఊరుందని తెలియదు, ఇతను ఉన్నాడని అసలే తెలియదు. అయినా మొదటిరోజు మొదటి ఆటలో ఆసామి రుమాలు తీయగానే నేల క్లాసు ఒక్కసారి వెనక్కి తిరిగి బాల్కనీ వైపు చూసింది. "అయ్యగారు చైనా ఎప్పుడెళ్లొచ్చాడ్రా" అని ఎవరో అన్నారు. అంతే, హాలు మొత్తం ఘొల్లుమంది.

పది రీళ్లు అతను ఓర్చుకున్నాడు. నేను మొదలై, లింగమ్మ ఎగిరి, బంతి వెళ్లి ఆసామి నుదుటికి తగిలేసరికి నాగభూషణం లేచాడు. తెర మీది కుర్చీ నేలను తాకకముందే తలుపు నెట్టుకుని బయటికి వచ్చేశాడు. మిగతా బొమ్మ అతను చూడలేదు. వెనకనుంచి నవ్వు మాత్రం మెట్ల దాకా తరుముకొచ్చింది.

ఆట అయిపోగానే మిషన్ గదిలోకి వచ్చాడు. అక్కడ ఆపరేటర్ యేసోబు నన్ను చుట్టబెడుతున్నాడు. యేసోబుది చెయ్యి తిరిగిన పని. ఎన్ని ఊళ్లు తిరిగినా అంత మెత్తగా నన్ను పట్టుకున్నవాళ్లు లేరు.

"ఆ పిల్ల ఎగిరిన కాడినుంచి కప్పొచ్చిందాకా మొత్తం పీకెయ్" అన్నాడు నాగభూషణం.

"అయ్యా, ప్రింటు మనది కాదండి. డిస్ట్రిబ్యూటర్ గారు అడిగితే నేనేం చెప్పాల?"

యేసోబు చెంప ఛెళ్లుమంది. జవాబు అదే. యేసోబు కత్తెర తీశాడు. కోశాడు, అంచులు గీకాడు, ఫిలిం అతికే సిమెంటు పూసి అతికించాడు. కోసిన ముక్కను నాగభూషణం తీసుకుని, ఒక్క బొమ్మనైనా వెలుతురుకు పెట్టి చూడకుండా కిటికీ గట్టు మీద పెట్టి అగ్గిపుల్ల గీశాడు. అది భగ్గున మండే రకం కాదు. ముడుచుకుంటూ, నల్లబడుతూ, కంపు కొడుతూ చాలాసేపు కాలింది. అంతసేపూ అతను రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నేను బల్ల మీదనుంచి చూశాను. నా పగ అక్కడ మొదలైంది.

అతని తెలివి ఎంతటిదో మరుసటి ఆటలోనే తేలిపోయింది. లింగమ్మ ఎగిరింది. టక్కుమని చప్పుడు. మరుక్షణం ఆమె చేతిలో కప్పుంది. హాలు ఒక్క క్షణం నోరు తెరిచింది. మొదటి ఆట చూసినవాళ్లు కొందరు మళ్లీ వచ్చి ఉన్నారు. వాళ్లు పక్కవాళ్ల చెవుల్లో చెప్పారు, పక్కవాళ్లు వెనకవాళ్లకు చెప్పారు. ఆ టక్కు దగ్గర ఏముండేదో, అది ఎందుకు లేకుండా పోయిందో ఒక్క పూటలో ఊరంతా తెలిసిపోయింది. అప్పటినుంచి ప్రతి ఆటలో అతుకు రాగానే జనం లేచి నిలబడి, బాల్కనీ వైపు తిరిగి పడీపడీ నవ్వేవారు. ముక్క ఉన్నప్పుడు నవ్వినదానికంటే అది పోయాకే ఎక్కువ నవ్వారు. తెర మీది ఆసామి ఒక్కసారే పడతాడు. జనం బుర్రల్లో అతను పూటపూటకూ కొత్తగా పడ్డాడు. ఒకసారి పేడకుప్పలో, ఒకసారి రొయ్యల తొట్టిలో.

మీకొక మాట చెప్పాలి. ఇలాంటి సినిమాలంటే జనం ఎందుకు చొక్కాలు చించుకుంటారో చదువుకున్నవాళ్లు తెగ ఆలోచిస్తారట. నేను తెర వెలుతురులో వాళ్ల ముఖాలు చూసినదాన్ని, నన్నడగండి. ఉత్త ఫైటింగు సినిమాలో హీరో కొండల్లో తపస్సు చేసి వస్తాడు, అది మనవల్ల కాదని నేల క్లాసుకు తెలుసు. ఉత్త ఏడుపు సినిమా మనిషిని ఏడిపించి ఇంటికి పంపేస్తుంది. ఇందులో పడేవాళ్లు వీళ్లలాగే పడతారు, వీళ్ల పనిముట్లే పట్టుకుని పడతారు. తమను చూసి తామే నవ్వుకుంటారు కాబట్టి ఇంకెవరు నవ్వినా గుచ్చుకోదు. పైగా అది ఆట. గీత ఉంటుంది, ఈల ఉంటుంది, ఆ గీత పెద్దమనిషికీ ఒకటే. దారిలో పట్టుకుని పెద్దమనిషిని తంతే పోలీసులు వస్తారు. కోర్టులో ఓడిస్తే అతనే చప్పట్లు కొట్టాలి. పగ తీరుతుంది, ఎవరూ చావరు, పైపెచ్చు నవ్వు కూడా దొరుకుతుంది. ఇంతకంటే రుచికరమైన వంట ఎవరు వండగలరు?

ఆ రుచి మరిగినవాళ్లలో రూతమ్మ ఒకతె. నాగభూషణం షెడ్డులో రొయ్యలు ఒలిచే మనిషి, యేసోబుకు పిన్నమ్మ కూతురు. పొడగరి, చిన్నప్పుడు బళ్లో కబడ్డీ ఆడి కప్పులు తెచ్చింది. అంతకు ముందటేడు తోటి ఆడవాళ్లను కూడగట్టుకుని, శివరాత్రి పోటీల్లో మమ్మల్నీ ఆడనివ్వండని నాగభూషణాన్ని అడిగింది. అతను రుమాలు తీసి, "రొయ్యల కంపు నా కోర్టులోకా" అన్నాడు. ఆ మాట అన్నాక కూడా వాళ్లచేతే కోర్టు ఊడ్పించాడు, నీళ్లు చల్లించాడు. ఊడ్చిన కోర్టులో ఎవరెవరో ఆడుతుంటే రూతమ్మ చీపురు పట్టుకుని గోడ వార నిలబడింది. ఆ నిలబడటం ఆమె లోపల ఏడాదిపాటు కుళ్లింది.

షెడ్డుకు సెలవైన ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఆడవాళ్లందరూ వచ్చారు. అప్పటికి నా ముక్క పోయింది. "అంట్ల కంపు" అన్న మాటకు హాలంతా నవ్వింది, రూతమ్మ నవ్వలేదు. నేను వచ్చినప్పుడు మాత్రం బెంచీ చివరకు జరిగి, రెప్ప వేయకుండా చూసింది. ఆట విడిచాక మిషన్ గది మెట్లెక్కింది.

"అన్నా, ఆ పిల్ల ఎగిరింది గదా. ఎట్టా దిగింది?"

"అది తెగిపోయిందమ్మా" అన్నాడు యేసోబు, చెంప తడుముకుంటూ. తరువాత తను చూసింది చేతులతో చూపించబోయాడు. కాలితో చేసే పనిని చెయ్యి ఏం చూపిస్తుంది? ఆమెకు అర్థం కాలేదు. "సర్లే, ఎగిరితే చాలు. దిగటం దానంతటదే వస్తది" అని వెళ్లిపోయింది.

మర్నాడు షెడ్డులో అందరి ముందూ మళ్లీ అడిగింది. ఈసారి నాగభూషణం కాదనలేదు. ఊరంతా తన మీద నవ్వుతున్న నవ్వును వీళ్ల మీదికి మళ్లించవచ్చని అతనికి తోచింది. సరే అన్నాడు. మగవాళ్ల ఫైనలుకు ముందు ఆడవాళ్ల ఆట అన్నాడు. తన తరఫున పట్నం హాస్టలు అమ్మాయిలను దించుతానన్నాడు. పందెం కూడా అతనే పెట్టాడు.

"గెలిస్తే నా చేత్తో నీకు సాలువా కప్పుతా. ఓడితే మీరంతా జనం ముందు ఆ కోర్టుని ఫినాయిల్ పెట్టి కడగాల. మళ్లా జన్మలో ఆటన్న మాట ఎత్తకూడదు."

గెలిచిన జట్టు నాయకుడికి పోటీలు జరిపించే పెద్దమనిషి స్వయంగా శాలువా కప్పటం కొత్తరేవులో ఆనవాయితీ. ఆ చేతులతో తన భుజాలు తాకించాలి, ఆ రుమాలు జేబులో పెట్టించాలి. రూతమ్మకు కావలసింది అంతే. "మైకులో చెప్పించండయ్యా" అంది. అతను చెప్పించాడు కూడా.

అప్పటినుంచి పని దిగాక షెడ్డు వెనక ఇసుకలో సాధన. మా మోపెడ్ దారి అటే కాబట్టి డబ్బాలో ఉన్నా నాకు వాళ్ల అరుపులు వినిపించేవి. నవ్వులే ఎక్కువ. అందరిలోకీ పెద్దది తిరపతమ్మ, ఒళ్లు బరువైన మనిషి, పరిగెత్తలేదు. అయితే రొయ్య తల తిప్పి పీకినట్టు చీలమండ పట్టి తిప్పితే ఎంతటిదైనా కూలబడాల్సిందే. "గిన్నెలు తోమేదానికి విద్యొస్తే రొయ్యలు ఒలిచేదానికి రాదంటావే?" అనేదట. రూతమ్మ ఒక్క ఎగురుడే పట్టుకుంది. చేతులు కలిపి గొలుసుగా నిలబడిన వాళ్ల మీదుగా, కాళ్లు ముడిచి, చేతులు చాచి, అచ్చం లింగమ్మలాగే ఎగిరేది. దిగటం ఎలాగో నాలో లేదు కాబట్టి ఆమె నేర్చుకోలేదు. ఇసుక కదా, ఎలా పడ్డా దెబ్బ తగిలేది కాదు. లోటు ఉందన్న సంగతే ఎవరికీ తట్టలేదు.

ఆట రోజు వచ్చింది. మిషన్ గది వెనక కిటికీ కోర్టు మీదికే తెరుచుకుంటుంది. యేసోబు నన్ను కిటికీ పక్క బల్ల మీద పెట్టి, తను గట్టు మీద కూర్చున్నాడు. ఆడబోయేది వాళ్లే అయినా ఆ పొద్దున కూడా కోర్టు ఊడ్చింది వాళ్లే, నీళ్లు చల్లింది వాళ్లే. నాగభూషణం దగ్గరుండి చల్లించాడు. ఎప్పుడూ చల్లేదానికంటే రెండింతలు చల్లించాడు, కాస్త ఆలస్యంగా చల్లించాడు. ఊడ్చిన చీరలతోనే వాళ్లు ఆటకు దిగాలని అతని సరదా. వాళ్లు చీరలు గోచీ పోసి కట్టి, పైన షెడ్డు చొక్కాలు తొడుక్కుని వచ్చారు. అవతల హాస్టలు పిల్లలు రంగు బనీన్లతో, బూట్లతో ఉన్నారు. జనం నవ్వటం మొదలుపెట్టారు.

మొదటి సగంలోనే రూతమ్మ ఎగిరింది. ఎగురుడు చూసి జనం "లింగమ్మా" అని ఒక్క కేక పెట్టారు. గొలుసు దాటింది. ఆ తరువాత కాళ్లు ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. ఇసుకలో పడినట్టే పడింది. కింద ఇసుక లేదు. నడిగీత ఇంకా జానెడు దూరం ఉండగా బోర్లా పడి, ముక్కు పగిలి, కూత ఆగిపోయింది. హాస్టలు పిల్లలు వెనక్కి లాగేశారు. నాగభూషణం కుర్చీలోనే ముందుకు వంగి, రుమాలు తొడ మీద పెట్టుకుని మరీ నవ్వాడు. అతని వెంట చాలామంది నవ్వారు. నా ముక్క ఉండి ఉంటే ఆ పిల్ల ముక్కు పగిలేది కాదు. అతను నన్ను ఒక్కదాన్నే కోశాడని నేననుకున్నాను. ఆమెను కూడా కోశాడని అప్పుడే తెలిసింది. ఆ క్షణాన నాకు చేతులుంటే కిటికీలోంచి అతని మెడకు చుట్టుకునేదాన్ని, నా పొడుగు అందుకు చాలు.

విరామంలో తిరపతమ్మ నీళ్లతో ఆమె ముక్కు కడిగింది. "ఎందుకే బోర్లా పడతన్నావు? షెడ్డులో పడ్డట్టు పడు" అంది.

ఆ మాటకు రూతమ్మ తల తిప్పి చూసింది. షెడ్డులో గచ్చు ఎప్పుడూ ఐసు నీళ్లతో, రొయ్య పొట్టుతో జారుతూ ఉంటుంది. పడని ఆడది అక్కడ లేదు. చేతిలో కత్తి ఉంటుంది కాబట్టి ఎవరూ చేతులు ఆనించరు. ఒక పక్కకు తిరిగి, తుంటి ఆనించి, జారిపోయి గోడ దగ్గర ఆగుతారు, మళ్లీ లేచి పనిలో కూర్చుంటారు. అది విద్య అని వాళ్లెప్పుడూ అనుకోలేదు, తలరాత అనుకున్నారు.

రెండో సగంలో తిరపతమ్మ ముగ్గురిని చీలమండల దగ్గర కూలదోసింది. ఒకమ్మాయికి బూటు కూడా ఊడిపోయింది. నవ్వినవాళ్ల నవ్వు మారింది. చివరికి హాస్టలు జట్టు ఒక్క పాయింటు ముందుంది, ఆఖరి కూత రూతమ్మది. వెళ్లింది. మూలనున్న పిల్లను మునివేళ్లతో తాకింది, ఆ పక్క పిల్లను మోచేత్తో తాకింది, తిరిగేసరికి గొలుసు దారి మూసేసింది. ఎగిరింది. కూత ఒక్కటే వినిపించింది. గాలిలోనే పక్కకు తిరిగి, తుంటి మీద పడి, పొద్దున తను చల్లిన నీళ్ల బురదలో సర్రున జారి నడిగీత దాటి తన వాళ్ల కాళ్ల దగ్గర ఆగింది. ఆగేదాకా కూత ఆపలేదు. ఆట నడిపిస్తున్న డ్రిల్లు మాస్టారు గెలుపు ఈల ఊదాడు. యేసోబు గట్టు మీదనుంచి లేచి నిలబడి ఏడ్చాడు.

శాలువా పళ్లెంలో పెట్టి తెచ్చారు. నాగభూషణం దాన్ని గుమాస్తా చేతికిచ్చి, కప్పమన్నట్టు సైగ చేశాడు. జనంలోంచి గోల లేచింది. డ్రిల్లు మాస్టారు మైకులో, "అయ్యగారు స్వయంగా కప్పుతామని మాటిచ్చారు" అని మెల్లగా గుర్తుచేశాడు. ఇక తప్పలేదు. నాగభూషణం ఒక చేత రుమాలు, ఒక చేత శాలువా పట్టుకుని వచ్చాడు. అతను పొట్టి, ఆమె పొడుగు.

"వంగవే" అన్నాడు.

"వంగనయ్యా. పొద్దున కోర్టు ఊడ్చేటప్పుడు వంగాను, ఈ రోజుకి చాలు" అంది రూతమ్మ.

గట్టిగా ఏమీ అనలేదు. మైకు దగ్గరగా ఉండటం వల్ల ఊరంతటికీ వినిపించింది. అతను రుమాలు జేబులో పెట్టి, రెండు చేతులతో శాలువా ఎత్తి, మునివేళ్ల మీద లేచాడు. అందలేదు. ఇంకాస్త లేచాడు. శాలువా ఆమె భుజాల మీద పడింది. అతని కాళ్లు మాత్రం, తను రెండింతలు చల్లించిన నీళ్లలో జారి రెండు వైపులకు పోయాయి. బురదలో చతికిలబడ్డాడు.

ఆ నవ్వు నేను ఏ హాల్లోనూ వినలేదు. ఎవరూ అతని దగ్గరికి వెళ్లలేదు. రూతమ్మ శాలువా సర్దుకుని, అతన్ని చుట్టి వెళ్లి, బల్ల మీది కప్పు తీసుకుంది. తను చూసిన బొమ్మలో అంతే, లింగమ్మ ఎగిరింది, కప్పు అందుకుంది. మధ్యలో ఏముండేదో రూతమ్మకు ఎవరూ చూపించలేదు మరి. నాగభూషణం కుర్చీ కోడు పట్టుకుని, తనంతట తనే, చాలాసేపటికి లేచాడు.

వారంలోపే వాళ్లందరినీ షెడ్డులోంచి తీసేశాడు. వాళ్లు తీరం వెంట ఇంకో షెడ్డుకు పోయారు, జట్టుగానే పోయారు. ఆ శాలువాను రూతమ్మ నెత్తి మీద రొయ్యల గంప కింద చుట్టకుదురు చేసుకుందని యేసోబు చెబితే విన్నాను. నా సంగతి కూడా నాగభూషణం వదల్లేదు. రీలు మోపెడ్ మీదనుంచి కాలవలో పడిపోయిందని డిస్ట్రిబ్యూటరుకు చెప్పించి, నన్ను ఇంటికి తెచ్చి గూట్లో పెట్టి తాళం వేశాడు. నేను లేని గరిటె గ్యాంగ్ ఇంకెక్కడైనా ఆడిందో లేదో నాకు తెలియదు.

ఏళ్లు గడిచాయి. టాకీసు మూతబడి గోదాము అయింది. షెడ్డు చేతులు మారింది. నాగభూషణం మంచం పట్టాడు. మొన్నొక మధ్యాహ్నం గోడ పట్టుకుని వచ్చి, తాళం తీసి, డబ్బా తెరిచాడు. నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కొస పట్టుకుని, ఎండకు పెట్టి ఒక్కో బొమ్మా చూడసాగాడు. అతని బొటనవేలు నా ఒంటి మీద పాకుతుంటే నాకు అసహ్యం వేసింది. అతుకు దగ్గర ఆగాడు. ఇటు లింగమ్మ గాలిలో ఉంది, అటు కప్పు ఉంది. గోటితో అతుకును గీకాడు, వెనకాల ఏదో దాక్కుని ఉన్నట్టు.

యేసోబును పిలిపించాడు. యేసోబు ఇప్పుడు షామియానాలు అద్దెకిస్తాడు, జుట్టు నెరిసింది. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఆ ముక్కలో ఏముందిరా?" అన్నాడు నాగభూషణం.

"ఆసామి పడ్డాడండయ్యా."

"అది తెలుసు. పడ్డాక?"

యేసోబు నా వైపు చూశాడు, అతని వైపు చూశాడు. చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది.

"పడ్డాక ఏముంటదయ్యా. కప్పే" అని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

యేసోబు అబద్ధం చెప్పాడు. అతనికి తెలుసు, నాకూ తెలుసు. మొదటి ఆట చూసిన నేల క్లాసు వాళ్లకూ తెలుసు గాని, పడటం గురించి ఊరంతా చెప్పుకున్న మనుషులు ఆ తరువాతి సంగతి ఒక్కరూ చెప్పుకోలేదు, వాళ్ల బుద్ధి అంతే. ఆసామి పడ్డాక లింగమ్మ కప్పు దగ్గరికి వెళ్లదు. ముందు అతని దగ్గరికి వస్తుంది. నవ్వుతూనే చెయ్యి అందించి పైకి లేపుతుంది, బట్టల దుమ్ము దులుపుతుంది, కుర్చీ నిలబెట్టి కూర్చోబెడుతుంది. ముసలాయన గిన్నెలో వేడి వేడి పులుసు పోసి చేతికిస్తాడు. అతను రుమాలు పక్కన పడేసి, అంట్లవాళ్ల మధ్య కూర్చుని తాగుతాడు. అందరూ నవ్వుతారు, అతనూ నవ్వుతాడు. అప్పుడే కప్పు వస్తుంది. రూతమ్మ అది చూసి ఉంటే ఏం చేసేదో నేను చెప్పలేను. చూడనివ్వలేదుగా.

నాగభూషణం ఇప్పుడు రోజూ నన్ను తీస్తున్నాడు. ఎండ ఉన్నంతసేపూ ఆ అతుకు ముందు కూర్చుని, పడినవాణ్ణి ఎవరైనా లేపారా అని వెతుకుతున్నాడు. వెతకనివ్వండి. నాకు నోరు లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదు.